ముద్ర పడిన క్షమాపణ

ఒక పెద్ద అడవిలో, అంటే మన నల్లమల కాదు లెండి, సముద్రాలు దాటి ఇండోనేషియాలో ఉన్న కాలిమంతాన్ అడవిలో, జంతువులన్నిటికీ వీడియోల పిచ్చి పట్టుకుంది. టూరిస్టులు పారేసుకున్న ఫోన్లు ఉండనే ఉన్నాయి. ఉడుత కాయ కొరికితే వీడియో. అడవిపంది బురదలో దొర్లితే లైవ్. చూసినవాళ్లు ముచ్చటపడి ఓ పండో కాయో పంపేవాళ్లు.

అక్కడ జలు అని ఓ కొమ్ముపిట్ట ఉండేవాడు. ముక్కు మీద కొమ్ములాంటిది మొలిచి ఉంటుందే, ఆ పెద్ద పిట్ట. వాళ్ల జాతిలో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరుతుంది. వాకిలి మట్టితో మూసేసి, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతారు. లోపల ఆవిడ ఈకలు రాలిపోతాయి, ఎగరలేదు. పిల్లలు పెరిగేదాకా మొగుడు ఆ సందులోంచి పెట్టిందే తిండి. ఎంత నమ్మకం కావాలో చూడండి!

జలు భార్య మెలాతి అలాగే ఇద్దరు పిల్లలతో తొర్రలో ఉంది. ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికొకడు. వీడు ఏకంగా లైవే పెట్టాడు. పేరు 'ఇల్లాలికి ఫలహారం'. రోజూ పొద్దున్నే సందులోంచి ఒక మేడిపండు అందించడం, కెమెరా వైపు తిరిగి నవ్వడం. అడవిలో ఆడజంతువులన్నీ కళ్లు తుడుచుకుని, తమ మొగుళ్ల వంక గుర్రుగా చూశాయి. మెలాతికి పెట్టమని పళ్లు పంపాయి. జలు వాటిని తొర్ర పక్క కొమ్మ మీద గోపురంలా పేర్చాడు.

"ఏమయ్యా, ఆ పళ్లు నాకోసం వచ్చినవేగా? రెండు ఇటివ్వు, పిల్లలకి చాలడం లేదు," అంది మెలాతి.

"తీస్తే సెట్టు పాడవుతుందే!" అన్నాడు జలు.

నెల తిరిగేసరికి చూసేవాళ్లు తగ్గారు. రోజూ అదే ముక్కు, అదే పండు, ఎంతకని చూస్తారు? జలుకి బెంగ పట్టుకుంది. మేనేజరు గెంబుల్ దగ్గరికి పరిగెత్తాడు. గెంబుల్ ఒక కోతి. తను ఒక్క వీడియో తీసిన పాపాన పోలేదు గానీ, నలుగురి వీడియోల మీద బతికేస్తున్నాడు.

"అన్నా, నువ్వు మంచోడివి. అదే నీ జబ్బు," అన్నాడు గెంబుల్. "క్షమాపణ వీడియో పెట్టు, ఎగబడి చూస్తారు. మొసలి చూడు, జింకపిల్లని మింగి ఎంత బాగా ఏడ్చిందో!"

"క్షమాపణ చెప్పాలంటే తప్పు చెయ్యాలి కదరా?"

"చెయ్యి మరి! ఒక్కరోజు వదినకి తిండి పెట్టకు. ఏం కొంపలు మునగవు."

ఆ అడవి రూలు ఏమిటంటే, తప్పు చేసినవాడు కెమెరా ముందు క్షమాపణ చెప్పి, వీడియో సంఘం ముద్ర కొట్టిన ఆకు చూపించాలి. ముద్ర చూపించాడా, తప్పు మాఫీ. ముద్ర కొట్టేది సంఘాధ్యక్షుడు పాక్ బుంటార్. 'పాక్' అంటే అక్కడ మన 'గారు' లాంటిది. ఆయనది పొడుగుముక్కు కోతుల వంశం, ముక్కు వంకాయంత వేలాడుతూ ఉంటుంది. ముద్రకో దూరియన్ పండు, అంటే పనసలా ఒంటినిండా ముళ్లుండే పండు, పుచ్చుకుంటాడు. అంచేత ఎక్కడ తప్పు జరిగినా ఆయన ముఖం కళకళలాడిపోతుంది.

జలు ఒకరోజు తిండి ఎగ్గొట్టాడు. మర్నాడు ఆకు పట్టుకుని ముక్కు చీదుతూ ఏడ్చాడు. అడవంతా చూసింది! మళ్లీ వారానికి రెండు రోజులు ఎగ్గొట్టాడు. ఆపైన మూడు. ఎప్పటి తప్పే మళ్లీ చేస్తే ఎవరు చూస్తారు, పెంచాలి కదా! పక్కచెట్టు ఎలుగుబంటి జాలిపడి ఓ తేనెపట్టు ముక్క సందులో దూర్చకపోతే ఆ పిల్లలు దక్కేవి కావు.

ఉండబట్టలేక ఎలుగుబంటే పాక్ బుంటార్ దగ్గరికి వెళ్లింది. "అయ్యా, పసివాళ్లు మాడిపోతున్నారు. మెలాతి అరవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది."

"జలు క్షమాపణ చెప్పాడా?"

"చెప్పాడు. చెప్తూనే ఉన్నాడు."

"ముద్ర ఉందా?"

"ఉంది."

"మరి ఇంకేం కావాలమ్మా?" అని పాక్ బుంటార్ మరో దూరియన్ ఒలుచుకున్నాడు.

ఇంతలో గెంబుల్‌కి పెద్ద ఐడియా వచ్చింది. "అన్నా, ఇంతవరకూ తొర్ర లోపలి నుంచి లైవ్ పెట్టిన మొనగాడు లేడు. గోడ పగలగొట్టి, లోపల పిల్లల పక్కన కూర్చుని ఏడువు. వదిన్ని బయట నిలబెట్టు, ఫ్రేములో ఇరుకవుతుంది."

చెప్పిన రోజుకి అడవంతా చెట్టు చుట్టూ చేరింది. పాక్ బుంటార్ ముద్ర కొట్టిన ఆకుల కట్టతో ముందు వరసలో కూర్చున్నాడు. జలు గోడ పగలగొట్టి, "నువ్వు కాస్త బయటికి రావే," అన్నాడు.

ఈకల్లేని ఒంటితో మెలాతి బయటికొచ్చింది. పక్కకి చూస్తే ఏముంది? తన పేరు మీద వచ్చిన పళ్ల గోపురం! ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఎలుగుబంటికి సైగ చేసింది.

జలు లోపల కళ్లు మూసుకుని ఏడుపు లంకించుకున్నాడు. చెట్టు కిందే అడవిపంది బురదగుంట. ఎలుగుబంటి దోసిళ్లతో బురద మోసింది, మెలాతి ముక్కుతో వాకిలికి మెత్తింది. చూసేవాళ్లు "వెనక చూడు, వెనక చూడు" అని ఒకటే కామెంట్లు. తన నటనకి జనం వెర్రెత్తిపోతున్నారనుకుని జలు ఇంకాస్త ఏడ్చాడు. కళ్లు తెరిచేసరికి గోడ ఎండి గట్టిపడింది, ముక్కు పట్టేంత సందే మిగిలింది.

మెలాతి పళ్ల గోపురం కూలదోసి, ఒక్కొక్క పండూ సందులోంచి అందించింది. పిల్లలు గబగబా మింగాయి. జలు కూడా ఆశగా నోరు తెరిచాడు. ఆవిడ ముక్కు అతన్ని దాటుకుని పిల్లల నోట్లోకే వెళ్లింది.

"వదినా, ఇటు తిరగండి, వెలుతురు బాగుంది," అన్నాడు గెంబుల్, తన ఫోను అప్పుడే ఆవిడ వైపు తిప్పేసి.

మెలాతి గుట్టలోంచి ఒక దూరియన్ పాక్ బుంటార్ ముందు పెట్టి, ముద్రాకు పుచ్చుకుంది. కెమెరా వైపు తిరిగి కళ్లొత్తుకుంది. "మా ఆయనకి ఇవాళ తిండి పెట్టడం మర్చిపోయాను. రేపు కూడా మర్చిపోతానేమో. అందరూ నన్ను క్షమించాలి."

అంతమంది చూసిన వీడియో ఆ అడవిలో మరొకటి లేదు.

"పాక్! ఇది అన్యాయం! నన్ను బయటికి తీయించండి!" అని సందులోంచి జలు గోల పెట్టాడు.

"అదేమిటయ్యా? ఆవిడ క్షమాపణ చెప్పేసిందిగా," అన్నాడు పాక్ బుంటార్, దూరియన్ ఒలుస్తూ.

నీతి: క్షమాపణ ఎంత దొంగదైనా ఫరవాలేదు, తొర్ర బయట నిలబడి చెప్పుకోండి.