మంచినీళ్ళ మంత్రిగారి ఎస్‌ప్రెసో

"ఇకనుంచి మా ఇంట్లో నా కాఫీ నేనే పెట్టుకుంటాను" అని మంచినీళ్ళ శాఖ మంత్రిగారు ప్రకటించగానే పత్రికా సమావేశంలో చప్పట్లు మోగాయి. అవునవును అని మేం ముద్దుగా పిలుచుకునే కార్యకర్త ముందు వరసలో కళ్ళు తుడుచుకున్నాడు.

మంత్రిగారు మా అక్క భర్త. నేను వాళ్ళ మేడమీద గదిలో ఉంటూ, ఆయన ఆఫీసులోనే పనిచేస్తున్నాను. ఇందులో బంధుప్రీతి ఏమీ లేదని చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు.

"మామూలు కాఫీ కాదు, ఎస్‌ప్రెసో" అన్నారు బావగారు. "నాయకుడన్నవాడికి ఒక హాబీ ఉండాలి. లేకపోతే తీరిక దొరికినప్పుడల్లా ఫైళ్ళు చూడాలనిపిస్తుంది. దానివల్ల ఎన్ని ప్రభుత్వాలు పడిపోయాయో చరిత్ర చెబుతోంది."

"సార్, మా వీధి కుళాయిలో బురద నీళ్ళు..." అన్నాడు ఒక విలేకరి.

"ఇవాళ హాబీ ప్రశ్నలు మాత్రమే."

మర్నాడు మిషను వచ్చింది. చిన్న రైలింజనులా నిగనిగలాడుతోంది. దానికి చోటు చేయడానికి అక్క తన గిన్నెల్లో సగం స్టోర్‌రూములోకి చేరవేసింది. బావగారు ఏప్రన్ కట్టుకుని, కాఫీ పొడి కూరి, మీట నొక్కారు. మిషను మూలిగింది, దగ్గింది, చివరికి ఏదో కక్కింది. అవునవును దాన్ని రెండు చేతులతో అందుకుని తాగాడు. అతని ముఖంలో కండరాలు ఒకదానితో ఒకటి దెబ్బలాడుకున్నాయి.

"ఎలా ఉంది?" అన్నారు బావగారు.

"పార్టీ సిద్ధాంతంలా ఉంది సార్. లోతుగా."

"అంటే?"

"గొంతు దిగడానికి టైం పడుతుంది సార్."

అక్క మాత్రం ఒక చుక్క నాలిక మీద వేసుకుని సింకు దగ్గరకు పరిగెత్తింది. ఆవిడ రాజకీయాల్లో లేదు.

బావగారు పట్టు వదిలే మనిషి కాదు. పొడి మార్చారు, కప్పులు మార్చారు, ఏప్రన్ కూడా మార్చారు. కేబినెట్ సమావేశానికి వెళ్ళకుండా కాఫీ గింజలు పొడి చేశారు. రుచి మాత్రం ప్రతిపక్షంలా మొండికేసింది. ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది: పార్టీ అధ్యక్షుడు ఎస్‌ప్రెసో తాగడానికి మా ఇంటికి వస్తున్నారట. మంత్రివర్గ మార్పుల పుకార్లు నడుస్తున్న రోజులవి. బావగారికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రమే మిషను చివరిసారి దగ్గి ఊరుకుంది.

వీధి మలుపులో కాఫీ షాపు నడిపే ఆవిడను పిలిపించాం. ఆవిడ మిషను విప్పి, లోపలినుంచి తెల్లటి సున్నాన్నీ దానికింద ఎర్రటి మట్టినీ గరిటెతో గోకి ప్లేటులో పెట్టింది.

"మిషను తప్పు లేదండీ. మీ నీళ్ళే బాలేవు."

"ఏ నీళ్ళు?"

"కుళాయి నీళ్ళండీ. వీటితో కాఫీ కాదు కదా, కాళ్ళు కడుక్కోవడం కూడా కష్టం."

బావగారు ఉగ్రులైపోయారు. "ఇలాంటి నీళ్ళు వదులుతున్న దద్దమ్మ ఎవడు?"

వంటింట్లో ఉన్నవాళ్ళంతా తలోదిక్కు చూశారు. అవునవును మొదటిసారిగా దేనికి అవుననాలో తెలియక ఆగిపోయాడు. ఆఖరికి అక్కే అంది: "మీరేనండీ."

చీఫ్ ఇంజనీరు పరుగున వచ్చి కాసేపు నీళ్ళు నమిలాడు. మా ఊరి నీళ్ళు నమలడానికి వీలుగానే ఉంటాయి.

"జనం ఏళ్ళ తరబడి ఇవే తాగుతున్నారు కదా సార్..." అన్నాడు.

"మరి మిషను ఎందుకు చచ్చింది?"

"జనం తట్టుకుంటారు సార్. మిషను సున్నితమైంది."

ఆ మాటలోని శాస్త్రీయతకు బావగారు చలించిపోయారు. అక్కడికక్కడే ఉత్తర్వు వెలువడింది. ఊరవతల కొండమీది జలాశయం నుంచి మా వంటింటికి నేరుగా ఒక ప్రత్యేక గొట్టం. వీధి కుళాయిల ఫైలు ఎన్నో ప్రభుత్వాలను చూసి ఇంకా పడుకునే ఉంది. ఈ గొట్టం మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. ప్రజాస్వామ్యంలో పనులు జరగవనే వాళ్ళ నోళ్ళు ఆ దెబ్బతో మూతపడ్డాయి.

గొట్టం మా వెనక సందులోంచి రావాలి. సందులోవాళ్ళు తవ్వకాలు చూసి, నీళ్ళు తమకేనని సంబరపడ్డారు. పనివాళ్ళకు కుర్చీలు వేశారు, నీడకు దుప్పట్లు కట్టారు. సందు మొదట్లో బట్టలు కుట్టే టైలరు పిన్ని నన్ను ఆపి మరీ అడిగింది.

"ఎప్పుడొస్తాయి నాయనా నీళ్ళు? మా బుడ్డదానికి మళ్ళీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి."

"త్వరలోనే పిన్నీ" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. నీళ్ళు నిజంగానే త్వరలో వస్తున్నాయి.

అధ్యక్షుడు వచ్చిన రోజు కెమెరాల మధ్య బావగారు కుళాయి తిప్పారు. అద్దంలాంటి నీళ్ళు. కొత్త మిషను తేనెలాంటి ధార వదిలింది. అధ్యక్షుడు తాగి, కళ్ళు మూసుకుని, "భేష్" అన్నారు. బావగారి పదవి ఆ ఒక్క గుటకతో గట్టిపడింది.

బయట గేటు దగ్గర సందు సందంతా బిందెలతో నిలబడి ఉంది. అధ్యక్షుడు కిటికీలోంచి చూసి, "వీళ్ళ సంగతేమిటి?" అన్నారు. బావగారు తడబడకుండా వరండాలోకి నడిచారు. టైలరు పిన్ని ముందుకొచ్చింది.

"మా సందులో ఒక్క కుళాయి పెట్టించండి బాబూ. గొట్టం మా గుమ్మం ముందునుంచే పోతోంది."

"ఇప్పుడేం చేస్తున్నావమ్మా నీళ్ళకి?"

"ఏం చేస్తాం? తెల్లారగట్ల లేచి కాచుకుంటాం. చల్లార్చి, గుడ్డలో వడగట్టి, మళ్ళీ కాచుకుంటాం."

బావగారి కళ్ళు మెరిశాయి. "కాచడం. వడగట్టడం. ఓపికగా ఎదురుచూడటం." అధ్యక్షుడివైపు తిరిగారు. "సార్, నేను చేసేదీ ఇదే! ఈవిడ హాబీయిస్టు!"

ఆ వారమే ఉత్తర్వులొచ్చాయి. ఇంట్లో నీళ్ళు కాచి వడగట్టుకోవడాన్ని ప్రజల అధికారిక హాబీగా ప్రభుత్వం గుర్తించింది. మిగతా శాఖలు ఊరుకుంటాయా? విద్యుత్ శాఖ కొవ్వొత్తి వెలుగులో చదువుకోవడాన్నీ, రోడ్ల శాఖ గోతులు దాటడాన్నీ గుర్తించాయి. ఆరోగ్య శాఖ క్యూలో నిలబడటాన్ని ప్రతిపాదించింది కానీ, అది క్రీడ కిందికి వస్తుందని క్రీడల శాఖ అభ్యంతరం చెప్పింది.

ఉత్తమ హాబీ బహుమతి సభ మా ఇంటి ఆవరణలోనే జరిగింది. ప్రథమ బహుమతి టైలరు పిన్నికి. పెద్ద వెండిరంగు కప్పు.

"ఈ హాబీ ఎప్పట్నుంచమ్మా?" అని మైకులో అడిగారు బావగారు.

"ఈ సందుకి కాపురానికొచ్చిన దగ్గర్నుంచి."

"విన్నారా! ప్రభుత్వ ప్రోత్సాహం ఏమీ లేకుండానే!" సభ మార్మోగింది.

పిన్ని వేదిక దిగి, కప్పుతో తిన్నగా మా వంటింటి గుమ్మం దాటి, కుళాయి తిప్పింది. కప్పు నిండేలోపు గార్డు పరుగెత్తుకెళ్ళాడు.

"హాబీలు ఎవరింట్లో వాళ్ళు చేసుకోవాలమ్మా" అన్నాడు మర్యాదగానే. కప్పు అందుకుని, నీళ్ళు సింకులో ఒంపేసి, తన తువ్వాలుతో శుభ్రంగా తుడిచి తిరిగి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

అప్పటికి ఫొటోగ్రాఫర్లు చేరుకున్నారు.

"కప్పు ఇంకాస్త పైకెత్తండమ్మా!"

పిన్ని ఎత్తింది. పెద్ద కష్టపడలేదు. తేలిగ్గానే ఉంది.