హాయి పైకెక్కదు

కోరుమిల్లిపాడు మున్సిపాలిటీలో కంప్యూటర్‌కు ఆజ్ఞలిచ్చే ‘షెల్’ నియమాలు మనుషులకూ అమల్లోకి వచ్చాక, ఎవరి మనసు ఎలా ఉండాలో వాళ్లు పొద్దున్నే నోటితో చెప్పి పెట్టుకుంటున్నారు. ‘మనసు=హాయి’ అంటే చాలు, సాయంత్రం దాకా హాయిగానే ఉంటుంది. సమానం గుర్తు దగ్గర ఊపిరికి ఆగితే మాత్రం చెల్లదు. ఉత్తినే చెబితే ఆ హాయి చెప్పినవాడితోనే ఆగిపోతుంది. ముందు ‘ఎక్స్‌పోర్ట్’ అన్నామా, మన కింద పనిచేసే అందరికీ దిగుతుంది. పైవాళ్లకు మాత్రం ఎక్కదు.

కమిషనర్ హేమసుందరి గారు రోజూ చిరాకునే ఎక్స్‌పోర్ట్ చేసేవారు. ఆవిడకూ అది జిల్లా ఆఫీసు నుంచి దిగిందే. ఎవరైనా హాయి పెట్టుకున్నా, గుట్టుగా తమవరకే పెట్టుకునేవారు.

ఒకనాడు కుళాయిల సెక్షన్ హెడ్‌క్లర్కు తాతబ్బాయి ఇంట్లో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి ఓ పట్టు పట్టి, ఆ తృప్తిలో నోరుజారి ‘ఎక్స్‌పోర్ట్ మనసు=హాయి’ అనేశాడు. సెక్షనంతా వెలిగిపోయింది. కుళాయి రాదని చెప్పించుకున్నవాళ్లు కూడా టీ తాగి, కుశలం చెప్పి వెళ్లారు.

నవ్వులు విని కమిషనర్ గారు అతన్ని పిలిపించి, ఆ హాయేదో తనకూ పంపమని హుకుం వేశారు.

“పైకెక్కదండి. తవరే మా కిందకి దిగాలండి,” అన్నాడు తాతబ్బాయి.

సెక్షన్లో స్టూలు వేశారు. ఆవిడ దాని మీద కూర్చుని బిల్లులు మడతపెడుతూ కూనిరాగం తీశారు. ఎంత బాగుందో ఆవిడ మొహమే చెప్పింది. ఇక అక్కడే ఉండిపోతానన్నారు. దానికి కమిషనర్ అనుమతి కావాలి. అడగడానికి తన గదికి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు, కూర్చోగానే చిరాకు దిగింది. కాసేపటికి తిరిగొచ్చారు.

“ఒప్పుకోలేదండి,” అన్నారు.

“పోన్లెండి, రేపు మళ్లీ అడుగుదురుగాని,” అని అందరూ ఆవిణ్ణి ఓదార్చారు.

ఆవిడ రోజూ అడిగారు, రోజూ కాదన్నారు. చివరికి కమిషనర్ స్టూలెక్కిందని తెలిసి జిల్లా మండిపడి, ఆవిణ్ణి శిక్షగా ఆ స్టూలుకే మార్చేసింది. ఆవిడ ఆనందం పట్టలేక సెక్షనంతటికీ కాజాలు పంచారు.

మర్నాడు ఖాళీ అయిన కమిషనర్ కుర్చీకి దరఖాస్తులు పిలిచారు. సెక్షన్లో ప్రతి ఒక్కరూ నవ్వుతూ దరఖాస్తు పెట్టారు, తాతబ్బాయితో సహా. వాటిని సర్ది జిల్లాకు పంపే పని స్టూలుది. హేమసుందరి గారు కూనిరాగం తీస్తూనే అన్నీ సర్ది, తన దరఖాస్తు అన్నిటికన్నా పైన పెట్టారు.