గులాబీకి గుచ్చిన నూట ముప్పై ఏడు చీటీలు

ఆ ఉదయం నిజామెత్తిన్ మాస్టారి పథకం చాలా చిన్నది. చీటీలకు వరసగా అంకెలు వేయాలి, దారంతో కట్టాలి, సాయంత్రం ఆరు గంటల ఇస్తాంబుల్ బస్సు డ్రైవరు చేతిలో పెట్టాలి, ఇంటికొచ్చి రెండు రోజులు పడుకోవాలి. పదకొండేళ్ళుగా రాస్తున్న ఆంగ్ల-టర్కిష్ నిఘంటువులో ఇక మిగిలింది ఒకే ఒక్క మాట, 'గెట్'. దాని కోసం ప్రచురణకర్త ఏడాదిగా ఆగి, ఆగి, మొన్న టెలిగ్రాం కొట్టాడు. ఏడో తేదీ పొద్దుటికి 'గెట్' అందకపోతే అచ్చు రద్దు.

ఆ మాట మీద మాస్టారికున్న కోపం ఏ మనిషి మీదా లేదు. కొన్నా గెట్టే, దొరికినా గెట్టే. బస్సెక్కినా, దిగినా, జలుబు చేసినా, ముసలితనం వచ్చినా, చివరికి విషయం అర్థమైనా గెట్టే. టర్కిష్‌లో దేని మాట దానికుంది. తీసుకోవడానికి 'అల్మాక్', అవడానికి 'ఓల్మాక్', ఎక్కడానికి 'బిన్మెక్'. "ఒక్క మాటతో సంసారమంతా నెట్టుకొచ్చేస్తారు, చెట్టంత సోమరులు!" అని ఆయన ఆంగ్లేయులను తిట్టని పూట లేదు. అర్థానికొక చీటీ చొప్పున, పైన ఆంగ్లం, కింద టర్కిష్, దాని కింద ఉదాహరణ రాసుకుంటూ పోతే నూట ముప్పై ఏడు తేలాయి.

నూట పన్నెండో చీటీకి అంకె వేస్తుండగా మోచెయ్యి తగిలి టీ కెటిల్ బోర్లాపడి బల్ల మీది చీటీలన్నీ తడిశాయి. ఎవరినైనా తిట్టాలంటే ఇంట్లో ఎవరూ లేరు. భార్య నాజిదె పండగ శుభ్రం పేరుతో పొద్దున్నే అక్కగారి తివాచీలు దులపడానికి వెళ్ళింది. తన ఇంటి తివాచీలూ, బొంతలూ, కర్టెన్లూ నిన్ననే ఉతికి పెరటి తీగ నిండా ఆరేసింది. దాంతో తీగ మీద చోటు లేదు, ఇంట్లో ఒక్క క్లిప్పూ మిగల్లేదు.

పెరట్లో గులాబీ చెట్టు ఉంది, దాని నిండా ముళ్ళున్నాయి. మాస్టారు తన తెలివికి తానే మురిసిపోతూ తడిసిన చీటీలన్నీ ఒక్కొక్కటిగా ముళ్ళకు గుచ్చారు. గంటలో ఆరిపోతాయిలే అని దివాన్ మీద నడుం వాల్చారు. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేని మనిషి, ఇంక ఒళ్ళు తెలియలేదు.

తారీఖులన్నీ ఆయన బుర్రలో ప్రచురణకర్త గడువులుగానే ఉంటాయి. ఆ రోజు మే అయిదు అని తెలుసు గానీ, హిదిరెల్లెజ్ పండగ ముందు రోజు అని గుర్తులేదు. ఐవాలిక్ ఊళ్ళో ఆ రోజు ప్రతి ఆడమనిషీ తన కోరికను కాగితం మీద రాసి గులాబీ చెట్టుకు కడుతుంది, మర్నాడు సూర్యుడు రాకముందే తీసి సముద్రంలో వదులుతుంది. "గులాబీ చెట్టేమన్నా తపాలా ఆఫీసా?" అని ముప్పై ఏళ్ళుగా ఏటా వెక్కిరించే మాస్టారి పెరట్లో, గులాబీ కొమ్మ కనపడకుండా చీటీలు వేలాడుతుంటే పక్కింటి మెలాహత్ గోడ మీంచి చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు.

మూడు గంటలకు గోలకు మెలకువ వచ్చి మాస్టారు బయటికొచ్చేసరికి పెరట్లో పాతికమంది ఆడవాళ్ళున్నారు. చెట్టు మీద చీటీలు మూడింతలయ్యాయి. ఎర్ర రిబ్బన్లు వేలాడుతున్నాయి. చెట్టు మొదట్లో ఎవరో సొంతిల్లు కావాలన్న కోరికతో గులకరాళ్ళతో మేడ కట్టారు, మేడకు గారేజీ కూడా ఉంది.

"ఏంటిది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"ఎందుకు మాస్టారూ సిగ్గు?" అంది మెలాహత్. "చదువుకున్నోళ్ళు రెండు భాషల్లో రాసి కట్టారంటే చెట్టులో మహత్తు ఉన్నట్టేగా! మావి కూడా అందుకే ఇక్కడే కట్టాం. నాది వాషింగ్ మెషీను. కాస్త ఇంగ్లీషులో కూడా రాసిపెడతారా?"

"అవి కోరికలు కావమ్మా! అర్థాలు!"

"చదివాంలెండి అర్థాలు. 'లావెక్కడం' అని రాశారు, నన్ను చూసేగా?"

"కాదు!"

"మరి ఇంకెవరున్నారు ఈ వీధిలో లావు?"

దీనికి ఏ జవాబు చెప్పినా ఇంకొకరు తగాదాకు వస్తారని తెలిసి మాస్టారు నేరుగా చెట్టు మీద చెయ్యి వేశారు. చేతికర్ర ఒకటి వచ్చి ఆ చేతి మీద పడింది. తొంభై ఏళ్ళ ఫిత్నత్ అవ్వ ముక్కాలిపీట వేసుకుని చెట్టుకు కాపలా కూర్చుంది.

"తెల్లారకుండా కాయితం తీస్తే కోరిక చస్తుంది. నా మనవరాలికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది ఈ చెట్టు మీద ఉంది. చెయ్యి తీయి!"

"అవ్వా, నావి నేను తీసుకుంటాను, మీ మనవరాలి జోలికి పోను."

"నీదేదో దానిదేదో నాకెలా తెలుస్తుంది? నాకు చదువు రాదుగా. అన్నీ ఉంటాయి."

మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. బస్సు గురించి చెప్పారు, టెలిగ్రాం తెచ్చి చూపించారు, పదకొండేళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టారు. అవ్వ చెవిన వేసుకోలేదు. ఆ గొడవలోనే నాజిదె ఇంటికొచ్చింది. మెలాహత్ పరుగున ఎదురెళ్ళి ఆమెను చెట్టు దగ్గరికి తీసుకొచ్చి, ఎడమవైపు కింది కొమ్మకు గుచ్చి ఉన్న చీటీ చూపించింది. 'వదిలించుకోవడం' అని ఉంది. కింద మాస్టారి గుండ్రటి అక్షరాల్లో ఉదాహరణ ఉంది: 'చివరికి ఆమె పీడ వదిలించుకున్నాడు.'

నాజిదె దాన్ని రెండుసార్లు చదివింది.

"ఆమె ఎవరు?"

"ఎవరూ కాదు. ఉదాహరణ."

"ఉదాహరణ పేరేమిటి?"

"ఉదాహరణకు పేరుండదు నాజిదె!"

"ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశాను. మీకు తెలిసిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. పదకొండేళ్ళలో ఒక్క చీటీ చదివి వినిపించిన పాపాన పోలేదు, ఇవాళ ఊరంతా చదివాక నేను చదవాల్సి వచ్చింది. బాగుంది, నిజామెత్తిన్ బే."

పేరు చివర 'గారు' లాంటి 'బే' చేర్చి పిలిచిందంటే ఆ పూట వంట లేదని అర్థం. ఆరు గంటల బస్సు ఆయన కళ్ళముందే హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇక మిగిలింది మర్నాడు పొద్దున ఎనిమిది గంటల బస్సు. తెల్లవారుజామున ఆడవాళ్ళు చెట్టు దులపకముందే తనవి ఏరుకుంటే సరి. "నాలుగున్నరకు లేపు" అని వంటింటి గుమ్మంలోంచి బతిమాలారు. లోపలి నుంచి గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో వెలుగు ఉంది. పక్క మంచం ఖాళీ. మాస్టారు తలుపు తెరిచారు. పెరట్లో గులాబీ చెట్టు పూలతో, ముళ్ళతో, మరేమీ లేకుండా నిలబడి ఉంది.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే సముద్రం వైపు పరుగెత్తారు. వీధి ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి, కాగితాలు మూటగట్టి తెచ్చిన దుప్పటి దులిపేసి మడతపెడుతున్నారు. నీళ్ళ మీద కాగితాలు తెల్లగా పరుచుకుని దూరంగా పోతున్నాయి. మాస్టారు మోకాళ్ళ లోతు దిగి చేతికందినవి మూడు పట్టుకున్నారు. ఒకటి వాషింగ్ మెషీను. ఒకటి మూడో సంబంధం. మూడోదాని మీద సిరా అంతా చెరిగిపోయింది, అది ఎవరి కోరికో దానికే తెలియాలి.

ఆయన తిట్టలేదు. గులకరాళ్ళ మీద కూలబడి, అరవై మూడేళ్ళ మనిషి, అందరి ముందూ ఏడ్చారు.

"అయిపోయింది. పదకొండేళ్ళూ నీళ్ళపాలు. ఇంకో నెల ఇచ్చినా గుర్తుచేసుకోలేను, ఎనిమిదింటికి బస్సు."

నాజిదె దగ్గరికొచ్చి నిలబడింది. "పొద్దుటి ఆజాన్ పిలుపుకు ఎలాగూ లేస్తారు కదా, లేచి వచ్చి నాకు క్షమాపణ చెప్పుకుని మరీ ఏరుకుంటారులే అనుకున్నా. లేపలేదు. తప్పు నాదే" అంది.

మెలాహత్ వచ్చి ఆయన పక్కనే గులకరాళ్ళ మీద చతికిలబడింది.

"మాస్టారూ, 'లావెక్కడం' ఒకటుంది కదా? ఉదాహరణ కూడా గుర్తుంది. 'పెళ్ళయ్యాక ఆమె బాగా లావెక్కింది.' రాత్రంతా నిద్ర పడితేనా!"

మాస్టారు తలెత్తారు.

"'ముసలితనం రావడం' నన్నే అన్నావు" అంది ఫిత్నత్ అవ్వ. "నాకు చదువు రాకపోతేనేం, నా మనవరాలు చదివి చెప్పింది."

"'మందెక్కడం' నాకు" అన్నాడు వల బాగుచేసుకుంటున్న రిఫ్కీ, తల ఎత్తకుండా. "మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పింది. సాయంత్రం దాకా చెప్తూనే ఉంది."

ఒడ్డున ఉన్న కాఫీ కొట్టులో బల్ల లాగారు. కొట్టువాడి దగ్గరున్న తెల్లకాగితాలన్నీ ముందేశారు. మాస్టారు రాస్తున్నారు, వీధి చెబుతోంది. 'కోపం తెచ్చుకోవడం' దర్జీ భార్యకు తగిలింది. 'ఉద్యోగం ఊడటం' ఆమె మరిదికి తగిలింది. 'తడిసిపోవడం' చిన్నప్పుడు పక్క తడిపిన ఒకాయనకు నలభై ఏళ్ళ తర్వాత తగిలింది. 'జుట్టు కత్తిరించుకోవడం' దగ్గర ఇద్దరికి పోట్లాట వచ్చింది, అది తననే అన్నారని ఇద్దరూ పట్టుబట్టారు. ఆ వీధిలో ఆ చీటీలను రెండేసిసార్లు చదవని మనిషి లేదు, ఏదో ఒకటి తన మీద రాశారని నొచ్చుకోని మనిషీ లేదు. నిఘంటువు కమిటీలు జీతాలిచ్చినా ఇంత శ్రద్ధగా చదివేవాళ్ళను మాస్టారు ఎక్కడా చూడలేదు.

ఎనిమిదయింది. డ్రైవరు తల్లి వాళ్ళ మధ్యే కూర్చుని 'ఆలస్యంగా చేరడం' తన కొడుకుదేనని చెబుతోంది కాబట్టి, బస్సు పావుగంట ఆగింది.

"నూట ముప్పై ఆరు" అన్నారు మాస్టారు లెక్కపెట్టి. "ఒకటి తగ్గింది. నాజిదె, అది... నిన్నటి ఆ చీటీ. దాని మాటలు..."

"నాకు గుర్తులేదు" అంది నాజిదె సముద్రం వైపు చూస్తూ. పాతికమంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా తమకూ గుర్తులేదన్నారు. మాస్టారు ఆమె ముఖం చూసి, కలం మూత పెట్టి, కట్టకు దారం చుట్టారు.

నిఘంటువు మరుసటి ఏడు అచ్చయింది. ఆ చలికాలం మాస్టారు మేజోళ్ళ కోసం నాజిదె పెట్టెలో వెతుకుతుంటే, దుప్పట్ల అడుగున టీ మరకతో ఒక చీటీ ఆయన చేతికి తగిలింది. 'చివరికి ఆమె పీడ వదిలించుకున్నాడు' అన్న వాక్యాన్ని ఎవరో పెన్సిలుతో కొట్టేసి, కింద దిద్దారు: 'చివరికి ఈ పుస్తకం పీడ వదిలింది, మా ఆయన నాకు మిగిలాడు.' ఆ తెల్లవారుజామున ఆమె కూడా ఒక కోరిక పట్టుకుని సముద్రం దాకా వెళ్ళిందన్నమాట. అందరివీ నీళ్ళలో పడుతుంటే తనది మాత్రం వదల్లేక వెనక్కి తెచ్చుకుంది.

మాస్టారు చీటీని ఎలా ఉన్నది అలాగే మడిచి దుప్పట్ల కింద పెట్టేశారు. ఆ సాయంత్రం మొదటిసారిగా నిఘంటువు తీసి, మొదటి పేజీ నుంచి ఆమెకు చదివి వినిపించడం మొదలుపెట్టారు. నాజిదె మూడో మాటకే నిద్రపోయింది.

'గెట్' కింద 'వదిలించుకోవడం' లేదేమని తర్వాత ఇద్దరు ప్రొఫెసర్లు ఉత్తరాలు రాస్తే, ఆ అర్థం తమ ప్రాంతంలో వాడుకలో లేదని మాస్టారు జవాబిచ్చారు.