సుంకప్ప కట్టిన కోళ్ళ బంగళా

నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్ళే అయింది. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతుంది. ఒత్తులు, దీర్ఘాలు జారిన చోట మీరే సర్దుకుని చదువుకోండి.

గుమ్మఘట్ట దగ్గర ఒక ఊళ్ళో సుంకప్ప ఉండేవాడు. తాడిపత్రిలో పదేళ్ళు బండలకు పాలీషు పట్టి వచ్చినవాడు. లోకంలో దేనికైనా బండ పరిస్తే బాగుపడుతుందని అతని నమ్మకం.

ఆ ఇంటి కోళ్ళు పొద్దు గూకగానే వేపచెట్టెక్కేవి. అడవిపిల్లి ఒకటి రుచి మరిగి, వారంలో మూడు పెట్టలను ఎత్తుకుపోయింది. మిగిలింది ఐదు పెట్టలు, ఒక ఎర్ర పుంజు. పుంజును సుంకప్ప భార్య ఊరి దేవత పెద్దమ్మతల్లికి మొక్కుకుని, కాలికి పసుపు దారం కట్టింది. జాతర ఇంకా వారం ఉంది. అంతవరకు అది బతకాలి. తర్వాతి సంగతి పుంజుకు ఎవరూ చెప్పలేదు.

"బంగళా కడతా చూడు" అన్నాడు సుంకప్ప.

నేల బండ, గోడలు బండ, పైకప్పు బండ. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు, అంత నునుపు.

భార్య పైకప్పు మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. "కోళ్ళు దీంట్లోకి పోవు లేప్పా."

"యాల పోవు?"

"నువ్వే కనుక్కో."

సాయంత్రం సుంకప్ప గూటి ముందు సజ్జలు చల్లాడు. కోళ్ళు వచ్చి తిన్నాయి. లోపలికి తల పెట్టి చూశాయి. తల వెనక్కి తీసుకుని చెట్టెక్కాయి.

తెల్లవారి పుంజు కూసింది. చెట్టు మీద పుంజు లేదు. పెరట్లో లేదు. కూత మాత్రం ఉంది. సుంకప్ప పక్కింటికి పరిగెత్తాడు.

"జాకబ్, మా పుంజు మీ ఇంట్లో కూస్తాండాదా?"

"మా ఇంట్లో యాడుండాదన్నా. పిల్లి కడుపులోనుంచి కూస్తాండాదేమో."

ఈ సంగతి భార్యకు చెప్పే ధైర్యం సుంకప్పకు లేదు. వాస్తు బాగాలేదేమోనని గూటి వాకిలి తూర్పుకు తిప్పాడు. దిష్టికి గుమ్మడికాయ కట్టాడు. ఆ సాయంత్రం సజ్జలకు మూడే పెట్టలు వచ్చాయి. మరుసటి సాయంత్రం ఒక్కటీ రాలేదు. ఈక కూడా రాలలేదు.

బహుశా అన్నీ గూట్లోనే ఉన్నాయేమో. సుంకప్ప పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీద లోపలికి దూరాడు. దూరినంత వేగంగానే బయటపడ్డాడు.

"పెనం మాదిరి కాల్తాండాదే!"

"పగలంతా ఎండకు కాగిన బండ, పొద్దు గూకంగానే చల్లబడ్తాదా?" అంది భార్య.

"ముందే చెప్పకూడదా?"

"చెప్తే ఎప్పుడన్నా వింటివా?"

సుంకప్ప తల దించుకున్నాడు. "పుంజు పాయనే. అమ్మోరికి ఏం చెప్పేది?"

ఆమె అతన్ని పంచలోకి తీసుకుపోయి, పాత చీర ఒకటి లాగింది. చీర కింద మూడేళ్ళుగా మూలపడిన కూలరు. లోపల ఫ్యాను లేదు. అడ్డంగా ఒక కర్ర ఉంది. కర్ర మీద ఐదు పెట్టలు, పుంజు. మూడు పక్కలా గాలి.

"చీకటి పడితే కోడికి కన్ను కనపడదు. చెయ్యేస్తే వచ్చె. మొదట పుంజును, మళ్ళ అందినవాటిని దించుకొంటి. నాలుగు దినాలు మూసి పెడితే, ఇదే ఇల్లనుకొంటాయి."

"కూలరు బాగు చేపిస్తామంటిని కదే."

"మూడేళ్ళాయె. నేనే చేసుకొంటి."

సుంకప్ప మోకాళ్ళు తడుముకున్నాడు. "మరి నా బంగళా?"

"దానికేమప్పా, బంగారం. ఈ పొద్దు దాని మీద ఒడియాలు పెడితి. ఒక్క దినానికే ఎండిపాయ."

జాతరలో ఆయన పుంజు కూరన్నంలోకి ఆ ఒడియాలే నంజుకుని, బాగున్నాయన్నాడు.

అంజనమ్మ, సుంకప్ప భార్య. అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది రాప్తాడులో. కూలరు వెంట తెచ్చుకున్నాను. అందులో ఇప్పుడు నాలుగు పెట్టలు ఉన్నాయి.