పది నిమిషాల ప్రయాణం

ఆదివారం ఉదయం, చేతిగడియారాలు బాగుచేసే అల్లుడు విమానం టికెట్టును భూతద్దం కింద పెట్టి చూశాడు. బయలుదేరేది తొమ్మిదింటికి. చేరేది తొమ్మిదీ పదికి.

"పది నిమిషాలే అత్తయ్యగారూ! కళ్ళు మూసి తెరిచేలోగా మీ అక్కగారి ఊళ్ళో ఉంటాం."

అత్తగారికి విమానమంటే హడలు. ఓడెక్కితే కడుపులో తిప్పుతుంది. మధ్యలో సముద్రం ఉండటంతో పదకొండేళ్ళుగా అక్క ముఖం చూడలేదు. ఇప్పుడు అక్కకు చూపు మందగిస్తోంది. "పూర్తిగా పోకముందు ఒక్కసారి కనబడవే" అని ఫోన్లో ఏడ్చింది. అప్పటి నుంచి ఈవిడకు ముద్ద దిగటం లేదు.

"ఏడు వందల కిలోమీటర్లు పది నిమిషాల్లోనా?" కూతురు అనుమానపడింది.

"అది విమానమే! మన స్కూటరనుకున్నావా?" అన్నాడు మొగుడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పైగా టైము విషయంలో అతనికి ఎదురు చెప్పే మనిషి ఆ వీధిలోనే లేడు.

పది నిమిషాలైతే సరేనని అత్తగారు ఒప్పుకున్నారు. మర్నాడు విమానంలో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోగానే చెప్పండి బాబూ" అన్నారు.

పది నిమిషాలయ్యాయి. కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళే. పన్నెండయ్యాయి.

"వచ్చేశామా?"

"వచ్చేశాం... దాదాపు."

పదిహేనో నిమిషానికి తన గడియారమే తప్పు తిరుగుతోందేమోనని వెనక మూత గోటితో ఊడబీకాడు. చిన్న స్క్రూ ఒకటి ఎగిరి సీట్ల కింద పడింది. ఆ కంగారులో "ఊరు దాటిపోయినట్టుందే!" అని పైకే అనేశాడు.

"ఏ ఊరు? మనం దిగే ఊరా?" ముందు సీటాయన లేచాడు. ఆయన్ను చూసి వెనకావిడ లేచింది. నిమిషంలో మూడు వరసలవాళ్ళు నిలబడ్డారు. ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది.

"ఏ ఊరూ దాటలేదండీ. ప్రయాణం గంటా పది నిమిషాలు. అక్కడి గడియారాలు మనకంటే గంట వెనక. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు."

అల్లుడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అత్తగారు స్పృహ తప్పారేమోనని పక్కకు తిరిగాడు. సీటు ఖాళీ. ఏదో పడిందని కళ్ళు తెరిచిన ఆవిడ, వెతకడంలో పడి భయం సంగతే మరిచిపోయి, నడవలో మోకాళ్ళ మీద ఉన్నారు.

"దొరికింది! ఇంత చిన్న సామాను ఇలా పారేసుకుంటారా ఎవరైనా? ఏమిటీ, ఇంకా గంట ఉందా? అయితే ఆ కిటికీ సీటు నాకివ్వండి బాబూ. పైనుంచి సముద్రం ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదే!"

ఇంతసేపూ తన లెక్క మీద ధైర్యంగా కూర్చున్న అల్లుడికి, ఆ లెక్క పోయాక, కాళ్ళ కింద నేల లేదని మొదటిసారి తెలిసొచ్చింది. దిగేదాకా సీటు చేతులు వదల్లేదు.

గుమ్మంలో అక్క రెండు చేతులతో చెల్లెలి ముఖం తడిమింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఇన్నేళ్ళూ ఏం చేశావే?"

"భయపడ్డానక్కా" అని చెల్లెలు బావురుమంది.

వారం తర్వాత అత్తగారు విమానంలో, కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చారు. అల్లుడు మరో రెండు రోజులకి, ఓడలో వచ్చాడు.