జగదీశ్వర్ సారు నెగెటివ్ మార్కు

పొగ తాగితే పళ్లు పాడవుతాయని బెదిరించేవాళ్ల మాట నమ్మకండి. పళ్లకు సిగరెట్‌ను మించిన ఆప్తుడు లేడు! అనుమానముంటే చిక్కడపల్లి జగదీశ్వర్ సారును చూడండి.

సారు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు జనరల్ స్టడీస్ చెబుతారు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఎంత శాతం ఉండాలి? ఎనభై ఐదు! నిద్రలో లేపి అడిగినా చెబుతారు. క్లాసయ్యాక పాన్ డబ్బా దగ్గర నిలబడి, ఆ శాతం సరిగ్గా ఉందో లేదో రోజుకు పదిసార్లు తనిఖీ చేస్తారు. బాధ్యతంటే అదీ!

ముప్పై ఏళ్ల ఈ తనిఖీలో ఆయన చిగుళ్లు ఒక్కనాడైనా రక్తం కార్చాయా? పొగకు రక్తనాళాలు ముడుచుకుని, లోపల రోగమున్నా పైకి పొక్కనివ్వవు. ఇంత గుట్టుగా సంసారం చేసే చిగుళ్లు మీకున్నాయా? ఆ గుట్టు వల్లే ముందుపన్ను ఒకటి ఏ గొడవా లేకుండా, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌తో పాటు ఊడొచ్చింది.

ఆ తర్వాత సారు "శాసనసభ" అన్నప్పుడల్లా ఈల వినబడి బెంచీలు నవ్వాయి. సారుకు తల కొట్టేసినట్టయింది. పాఠం చెప్పే నోరే ఆయన బతుకు.

భార్య అరుంధతి ఆయన్ని నారాయణగూడలో డాక్టర్ భవ్య దగ్గరికి తీసుకెళ్లింది. దవడ ఎముకలో స్క్రూ బిగించి, అది ఎముకతో కలిసిపోయాక పైన పన్ను కడతారట. ముందుగా ఒక ఫారం. పొగ తాగుతారా? అవును, కాదు.

అయిదేళ్ల కిందటే మానేశానని అరుంధతికి ఒట్టేసి చెప్పిన మనిషాయె. ఆమేమో పక్కనే కూర్చుని ఫారంలోకి చూస్తోంది. తెలియని ప్రశ్న ఖాళీగా వదలండి, తప్పు టిక్కుకు నెగెటివ్ మార్కు పడుతుందని పిల్లలకు రోజూ చెప్పే సారు, తెలిసిన ప్రశ్నకే తప్పు టిక్కు పెట్టారు.

నాలుగు నెలలకు స్క్రూ వదులై చేతికొచ్చింది. కారణం దొరక్క డాక్టరమ్మ షుగర్ పరీక్ష చేయించింది. షుగర్ లేదు. తన సకినాలు మరీ గట్టిగా ఉన్నాయేమోనంటూ అరుంధతి అవి చేయడమే మానేసింది. సారు సోంపు నములుతూ ఊరుకున్నారు. సిగరెట్ మహిమ చూశారా? నింద కూడా ఇంకొకరు మోస్తారు!

మొన్న రెండో స్క్రూకి వెళ్లారు. మళ్లీ అదే ఫారం. అరుంధతి కుర్చీలోంచి లేచింది.

"నేను బయట కూసుంట. ఈసారన్న నిజం రాయుండ్రి. మీ అంగీలు పిండేది నేనే కద."

సకినాల నింద మోస్తూ ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసింది తాను నోరు విప్పడం కోసమేనని సారుకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయారు. వేలమందికి టిక్కులు నేర్పిన చేత్తో "అవును" మీద టిక్కు పెట్టారు.

కింద ఇంకో ప్రశ్న ఉంది. మానేస్తారా?

సారు దాన్ని ఖాళీగా వదిలేశారు.