రెండు వందల పన్నెండు దండాలు

“రెస్పాండ్ కాని వాడు సభ్యుడే కాడు!”

మా భిలాయి ఆంధ్ర బంధు సమితి అధ్యక్షులు పరబ్రహ్మం గారు ఈ మాట అనగానే హాల్లో ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకోండి. స్టీలు ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి, రెస్పాండ్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం, వాడుక, ఉదాహరణలు నలభై నిమిషాలు చెప్పారు. సారాంశం ఏమిటంటే, మా వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏం పెట్టినా అయిదు నిమిషాల్లో బదులు పెట్టాలి. దండం బొమ్మ శ్రేష్ఠం. పెట్టని వారి పేర్లు కార్యదర్శి రాసుకోవాలి. ఆ కార్యదర్శిని నేనే.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు బాగా నచ్చింది. పళ్లు తోముకోకముందే జాబితా చూసుకునేవాణ్ణి. మూడుసార్లు తప్పినందుకు రాజాబాబుకు నోటీసిచ్చాను. రైల్లో సిగ్నల్ దొరకలేదని పాపం కాగితం మీద రాసిచ్చాడు.

ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి గ్రూపులో అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది. రైల్వేలో చేసి రిటైరై, ఇంట్లో ఒంటరిగా ఉంటుందావిడ.

“నాను బాత్రూంలో జారిపడిపోనాను. కుడి సెయ్యి లెగట్నేదు. ఎవులైనా ఒకలు రండర్రా.”

గ్రూపు దద్దరిల్లింది! నాలుగే నిమిషాల్లో రెండు వందల పన్నెండు దండాలు. మొత్తం సభ్యులు రెండు వందల పదమూడు మంది. తక్కువైన ఆ ఒక్కరూ పడిపోయిన మనిషే. పరబ్రహ్మం గారు దండం పక్కన దీపం కూడా పెట్టారు. నేను లెక్క సరిచూసి, నూటికి నూరు శాతం అని ప్రకటించాను. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక్క పార్కే అడ్డం. కానీ లెక్క వదిలేసి ఎలా వెళ్లను?

చివరికి ఆవిడ కేకలు విన్నది వీధిలో కూరలమ్మే ఛాయ. “చలో దీదీ” అని లేవదీసి, తోపుడుబండి అక్కడే వదిలేసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. ఛాయది ఇక్కడికి దగ్గర్లోని ఉతై అనే ఊరు. తెలుగు రాదు. గ్రూపులో లేదు.

ఆ నెల సభలో, నూరు శాతం రెస్పాన్స్ సాధించినందుకు పరబ్రహ్మం గారికి శాలువా కప్పాలని తీర్మానించాం. కప్పడానికి అప్పలనర్సమ్మనే పిలిచాం. ఛాయను కూడా పిలవమని ఆవిడ అడిగింది. ఛాయ రెస్పాండ్ అయినట్టు మా దగ్గర రికార్డు లేదని నేనే చెప్పాను.

ఆవిడ చేతికి కట్టుతో వేదికెక్కింది. ఎడమచేత్తో శాలువా అందుకుని మైకు దగ్గరికి వెళ్లింది.

“పరబ్రెమ్మం బాబూ, మీరందరూ ఎట్టిన దండాలు సూసినాను. నేల మీద తొంగునే సూసినాను. నాకు కావలసింది ఒక్క సెయ్యి.”

ఆ శాలువా ఛాయకిస్తానని చెప్పి, చంకలో పెట్టుకుని మెల్లగా మెట్లు దిగింది.

నాకు సిగ్గేసింది. లేచి ఆవిడను ఆటో దాకా అయినా దిగబెడదామనుకున్నాను. అంతలో అందరి జేబుల్లోనూ ఫోన్లు మోగాయి. పరబ్రహ్మం గారు గ్రూపులో కన్నీటి బొమ్మ పెట్టారు.

గడువు అయిదు నిమిషాలే కదా. కూర్చున్నచోటే దండం పెట్టాను.